మార్లవాయి బడి - మన మరపు

తెలుగు సాహిత్య విద్యార్థులు 1943ను రెండు కారణాలకు గుర్తు పెట్టుకుంటారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. మే నెలలో హైదరాబాదులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. ఎం.ఏ. చదివే రోజుల్లో ఈ రెండింటి మీదా నేను వ్యాసాలు రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అదే 1943లో ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు అడవుల్లో, మార్లవాయి అనే గోండు గూడెంలో, బడి ముఖం ఎరుగని ఆదివాసి యువకుల కోసం ఒక శిక్షణ కేంద్రం మొదలయింది. ఆ మాట నాకు ఏ గురువూ చెప్పలేదు. ఏ సాహిత్య చరిత్రలోనూ నేను చదవలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగరీత్యా ఆ ప్రాంతానికి బదిలీ అయి వెళ్ళాక తెలిసింది.

సాహిత్య పత్రికలో ఈ బడి గొడవ దేనికని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబుగా ముందు ఇద్దరు మనుషుల సంగతి చెప్తాను.

మొదటివాడు మా చిన్న తాత. వేములవాడ దగ్గరి పల్లెలో మగ్గం నేసే కుటుంబం. ఉర్దూ బడిలో నాలుగో జమాతుతో చదువు ఆగిపోయింది. పగలు మగ్గం మీద కూర్చుని, రాత్రిళ్ళు కందిలి ముందు కూర్చుని సారస్వత పరిషత్తు పరీక్షలకు చదివాడు. ప్రాథమిక, ప్రవేశ గట్టెక్కి, విశారద ప్యాసై, 1950లలో తెలుగు పండితుడుగా ఉద్యోగంలో చేరాడు. మా ఇంట్లో చదువు అక్కడ మొదలయింది. నేను తెలుగు ఎం.ఏ. చదివానంటే ఆ కందిలి చలవే.

రెండోవాడు నా పూర్వ విద్యార్థి. గోండు కుర్రవాడు, ఇరవై ఏళ్ళుంటాయి. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. పత్తి సీజనులో జిన్నింగు మిల్లులో బస్తాలు మోస్తాడు, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే అది. నిరుడు ఓపెన్ స్కూలు పదో తరగతి దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పూర్తి చేస్తూ, అప్పుడు బడి ఎందుకు మానేశావురా అని అడిగాను. "ఒకటో తరగతిల సార్ ఏమంటున్నడో రెండేండ్లు సమజ్ కాలె సార్. సమజయ్యేటాళ్ళకు మూడోదిల ఉన్న. ఎన్కబడ్డది ఎన్కనే బడ్డది" అన్నాడు. సంతకం పెట్టి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇది పాసైతే ఏం పని దొరుకుతది సార్?" అని అడిగాడు. సూటిగా చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేకపోయింది.

మా చిన్న తాతకు 1943లో ఒక తలుపు తెరుచుకుంది. ఈ కుర్రవాడి తాతల తరానికీ అదే ఏడాది ఒక తలుపు తెరుచుకుంది. మొదటి తలుపు తెరిచే ఉంది. రెండోది ఎందుకు మూసుకుపోయింది? మూసినవాళ్ళలో మనమూ ఉన్నామా? నేను ఇక్కడ పరిశీలించదలచింది ఇదే.

1

నిజాం రాజ్యంలో పాలనకూ చదువుకూ ఉర్దూయే వాహిక. 1918లో మొదలయిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యనూ ఉర్దూలోనే బోధించింది. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలన్నీ చెప్పడం అప్పటికి గొప్ప సాహసమే. కాని రాజ్యంలో అత్యధిక సంఖ్యాకుల మాతృభాష అది కాదు. కరీంనగరు జిల్లా రైతు బిడ్డకైనా నేతగాడి బిడ్డకైనా బడి అంటే పరాయి భాషలోకి అడుగు పెట్టడమే. సి. నారాయణరెడ్డి వంటి కవి కూడా హనుమాజీపేట నుంచి సిరిసిల్లకూ కరీంనగరుకూ వెళ్ళి ఉర్దూ మాధ్యమంలోనే చదువుకోవలసి వచ్చింది.

దీని మీద తెలుగువాళ్ళు చేసిన పోరాటం మనకు తెలిసిందే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1921లో ఆంధ్ర జనసంఘం, 1930 నుంచి ఆంధ్ర మహాసభలు. నాలుగో మహాసభ 1935లో మా జిల్లా సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. మాతృభాషలో చదువు అనే కోరిక ఈ ఉద్యమానికి వెన్నెముక. 1943లో పరిషత్తు పుట్టాక ఆ కోరికకు ఒక ఆచరణ రూపం వచ్చింది. బడికి వెళ్ళలేకపోయినవాళ్ళూ, మధ్యలో మానేసినవాళ్ళూ, ఆడవాళ్ళూ ఇంట్లో చదువుకుని పరీక్ష రాయవచ్చు. పైపెచ్చు హైదరాబాదు రాజ్యం పోయి తెలుగు బడులు పెరిగిన రోజుల్లో తెలుగు చెప్పేవాళ్ళు కావలసి వచ్చారు. ఆ చదువు చివర ఒక ఉద్యోగం ఉంది. మగ్గం మీది మనిషి పండితుడు కావడానికి అతని పట్టుదల ఎంత కారణమో, ఆ చదువు అతని ఇంటి భాషలో ఉండటమూ, దాని చివర పని ఉండటమూ అంతే కారణం. నా వాదానికి ఇది పునాది కనుక పాఠకులు దీన్ని గుర్తుంచుకోవాలి.

2

అదే రాజ్యంలో, అదే కాలంలో, గోదావరికి ఉత్తరాన ఉన్న గోండులకూ కొలాములకూ బడి భాష గొడవ కూడా లేదు. బడే లేదు. వాళ్ళ అడవులు రిజర్వు అడవులయ్యాయి. పోడు కొట్టడం నేరమయింది. మేతకు పన్ను, కట్టెకు పన్ను. చెలకలు పైనుంచి వచ్చిన సావుకార్ల పేర పట్టాలయ్యాయి. నోటీసు వచ్చినా, రసీదు ఇచ్చినా, పట్టా చూపినా చదవగలిగేవాడు గూడెంలో లేడు. ఆ అడవుల వెదురు మీద ఆధారపడి 1938లో సిర్పూరు కాగితం మిల్లు స్థాపన జరిగింది. మన కథలూ వ్యాసాలూ ఆ కాగితం మీద ఎన్ని అచ్చయ్యాయో! వెదురు పెరిగిన గూడాల్లో పిల్లల చేతికి మాత్రం కాగితం చేరలేదు.

ఈ స్థితి మీద తిరగబడ్డవాడు కొమురం భీం. 1940లో జోడేఘాట్‌లో నిజాం సాయుధ బలగాల కాల్పుల్లో అతడూ అతని సహచరులూ ప్రాణాలు విడిచారు. జనం చెప్పుకునే భీం కథలో మనం అంతగా పట్టించుకోని ఘట్టం ఒకటుంది. పొలం తగాదాలో సిద్దిఖీ అనేవాడు చనిపోగా భీం చాందాకు పారిపోయాడు. అక్కడ విఠోబా అనే అచ్చాపీసు మనిషి దగ్గర పనికి కుదిరాడు. అక్కడే అక్షరాలు నేర్చాడు. తర్వాత అస్సాం తేయాకు తోటలకు వెళ్ళి, తిరిగివచ్చి గూడాలను కూడగట్టాడు.

ఈ కథలో చరిత్ర ఎంత, జనం కల్పన ఎంత అన్నది వేరే చర్చ. జనం ఆ ఘట్టాన్ని ఎందుకు నిలుపుకున్నారన్నదే నాకు ముఖ్యం. తమ నాయకుడి చేతిలో తుపాకి కన్నా ముందు అక్షరం ఉన్నదని గోండులు చెప్పుకుంటున్నారు. ఆ అక్షరం కూడా బడిలో దొరకలేదు, పనిలో దొరికింది. బడికి దూరమైన యువకుడికి చదువూ పనీ ఒకే చోట దొరికితే ఏమవుతుందో చెప్పే కథ అది.

3

భీం మరణంతో ప్రభుత్వానికి భయం పట్టుకుంది. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్నాడు. యుద్ధకాలంలో శత్రుదేశస్థుడిగా లెక్కకు వచ్చిన అతను, చెంచుల మధ్యా కొండరెడ్ల మధ్యా పరిశోధన చేసి, తర్వాత గోండుల దగ్గరకు వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నాడు. గోండుల కష్టానికి మూలం భూమి పోవడమేనని ప్రభుత్వానికి నివేదించాడు. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది అతను గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు.

గోండు విద్యా పథకం 1943లో మొదలయింది. దాని పద్ధతిని కొంచెం వివరంగా చూడాలి. గూడాల్లో బడులు పెట్టాలంటే ఉపాధ్యాయులు కావాలి. మైదానం నుంచి ఉపాధ్యాయుణ్ణి పంపితే అతనికి గోండీ రాదు, అడవిలో ఉండడు. కనుక పిల్లల కన్నా ముందు పెద్దవాళ్ళకు చదువు చెప్పాలని నిశ్చయించారు. మరాఠీ కాస్త కూడబలుక్కోగల గోండులు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళతో మొదలుపెట్టి, వ్యవసాయం చేసుకునే యువకులను మార్లవాయికి రప్పించి, గోండీని దేవనాగరి లిపిలో చదవడం రాయడం నేర్పారు. గోండీ వాచకాలు తయారయ్యాయి. ప్రభుత్వ వ్యవహారానికి కావలసిన భాషలు రెండో మెట్టు. నేర్చుకున్నవాడు తన ప్రాంతపు గూడానికే ఉపాధ్యాయుడుగా వెళ్ళాడు. ఆ చదువుతోనే కొందరు పట్వారీ, అటవీశాఖ కొలువుల్లోకీ వెళ్ళారు. సేతుమాధవరావు పగడీ వంటి అధికారి గోండీ నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాశాడు.

బడి ఒక్కటే అయితే కథ ఇంతదూరం రాదు. అదే కాలంలో గోండులకు లక్ష ఎకరాలకు పైగా భూమి పట్టాలయింది. 1946లో, ఫసలీ లెక్కన 1356లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వచ్చింది. పట్టా కాగితం చేతికి వచ్చే రోజుల్లోనే దాన్ని చదవగలిగే మనిషి గూడెంలో తయారయ్యాడు. నిన్నటిదాకా తహసీలు కచేరీ గడప ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కుటుంబంలోని కుర్రవాడు ఇవాళ దరఖాస్తు రాసిపెట్టే మనిషి అయ్యాడు. చదువు అతన్ని ఊరి నుంచి వెళ్ళగొట్టలేదు. పొలం వదలమనలేదు. భాష మార్చుకోమనలేదు. భాష, భూమి, పని మూడూ ఒక్కచోట కలిశాయి. మార్లవాయి ప్రత్యేకత ఇదే.

4

ఇక్కడ అభ్యుదయ రచయితలకు సహజంగా ఒక అభ్యంతరం వస్తుంది. ఇది పాలకవర్గం తిరుగుబాటును చల్లార్చడానికి వేసిన ఎత్తు కాదా? నిరంకుశ ప్రభుత్వం జీతమిచ్చిన శాస్త్రవేత్త పథకాన్ని మనం కీర్తించాలా?

ఎత్తు అన్నమాట నిజం. జోడేఘాట్ జరగకపోతే మార్లవాయి జరిగేది కాదు. 1940కి ముందు ఏ ప్రభుత్వానికీ గోండు పిల్లల చదువు గుర్తు రాలేదు. కనుక ఆ బడి నిజాం దయ కాదు, హైమన్‌డార్ఫ్ దానమూ కాదు. భీం, అతని సహచరులు ప్రాణాలిచ్చి సంపాదించిన హక్కు. అలా చూసినప్పుడు ఆ బడిని పరాయిదని పక్కన పెట్టడం ఆ పోరాట ఫలితాన్ని శత్రువుకు దానం చేయడమే అవుతుంది. కార్మికులు సమ్మె చేసి సాధించుకున్న ఎనిమిది గంటల పనిని, చట్టం చేసింది ప్రభుత్వం కనుక వద్దంటామా?

హైమన్‌డార్ఫ్ దంపతుల విషయంలో కూడా గోండుల తీర్పు వేరుగా ఉంది. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయాడు. అతని చితాభస్మమూ చివరికి మార్లవాయికే చేరింది. ఇప్పటికీ ఏటా జనవరిలో అక్కడ గోండులు కలుస్తారు. జోడేఘాట్‌లో భీంను తలచుకునేదీ వాళ్ళే. ఈ రెండింటి మధ్య వాళ్ళకు వైరుధ్యం కనబడలేదు. మనకు కనబడితే లోపం మన చూపులో ఉందేమో ఆలోచించాలి.

మన సాహిత్యంలో జోడేఘాట్ ఉంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1980లలో ఆ పోరాటాన్ని తెలుగు పాఠకుల ముందు నిలబెట్టింది. అది గొప్ప పని. ఆ తర్వాతి కథ చెప్పడం ఆ నవల బాధ్యత కాదు. తర్వాత రాసినవాళ్ళ బాధ్యత. తుపాకి పట్టిన గోండు మన కథల్లోకి వచ్చినంత సులువుగా పలక పట్టిన గోండు రాలేదు. ముప్పై ఏళ్ళ వయసులో, నాగలి పట్టిన చేత్తో మొదటి అక్షరం దిద్దిన మనిషి మీద మంచి కథ ఒకటి నేను ఇంకా చదవవలసే ఉంది.

5

ఆ బడి ఏమయింది? 1948 సెప్టెంబరు తర్వాత కూడా కొంతకాలం పథకం సాగింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తెలుగు మాట్లాడేవాళ్ళకు అది పండుగ. తమ భాష రాజ్యభాష అయ్యే రోజు కోసం వాళ్ళు అర్ధ శతాబ్దం ఎదురు చూశారు. కాని ఆ పండుగ తర్వాత గోండీ బడి క్రమంగా తెలుగు బడి అయింది. ఎక్కడినుంచో వచ్చిన ఉపాధ్యాయుడు తెలుగులో పాఠం చెప్పాడు. పిల్లవాడు గోండీలో మౌనంగా కూర్చున్నాడు. ఉర్దూ తెలుగు పిల్లవాడికి చేసిన అన్యాయాన్ని సభలు పెట్టి ఖండించిన మనం, తెలుగు గోండు పిల్లవాడికి అదే అన్యాయం చేస్తుంటే ఒక్క తీర్మానమూ చేయలేదు. 'లిపి లేని భాష, బడిలో ఎలా చెప్తాం' అన్నది మన సమర్థన. 2006 తర్వాత ఆదిలాబాదు జిల్లాలోనే గుంజాల అనే గ్రామంలోని గోండీ రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆ గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. లిపి ఉన్నది. మనం అడగలేదు. ప్రధానులు కీకిరి మీద పాడే గోండు వంశగాథలు ఉన్నవి. వాటిని ఇతిహాసమని మన పాఠ్య ప్రణాళికలు గుర్తించలేదు.

భాషతోపాటు భూమీ పోయింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో అది ఇంకా గట్టిపడింది. కాగితం మీద చట్టం గట్టిపడుతుండగానే నేల మీద చెలకలు చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం లెక్క పదమూడు మంది. చనిపోయినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లని అక్కడివాళ్ళంటారు.

భూమీ భాషా పోగా చదువు ఒక్కటే మిగిలింది. అలాంటి చదువుకు కొద్దిపాటి సర్కారు కొలువులు తప్ప వేరే గమ్యం లేదు. అవి అందనివాడు చదువుకున్నందుకు నాగలి పట్టలేడు, చాలినంత చదవనందుకు కుర్చీ దొరకదు. నా పూర్వ విద్యార్థి జిన్నింగు మిల్లులో నిలబడ్డ చోటు ఇదే. అతనిది సోమరితనం కాదు, వెనుకబాటూ కాదు. చరిత్ర తెచ్చి నిలబెట్టిన చోటు.

మార్లవాయి ఆలోచన పూర్తిగా చావలేదన్న మాట కూడా చెప్పాలి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే కేటాయించింది. గూడెం యువకుడు గూడెం బడిలో చెప్పాలన్న 1943 నాటి మాటకే అది చట్టపు రూపం. 2004లో బహుభాషా విద్య పేరుతో గోండీ, కొలామీ సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన మొదలయింది. ఈసారి లిపి తెలుగు. ఆరు దశాబ్దాల తర్వాత మళ్ళీ ఒకటో మెట్టు అన్నమాట. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం కేటాయింపు చెల్లదని జీవో 3ను కొట్టివేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలను షరతులతో నిలిపింది. తర్వాతివాళ్ళకు ఆ దారి లేదు.

సమానత్వ సూత్రం రీత్యా తీర్పును సమర్థించేవాళ్ళు ఉన్నారు. నేను న్యాయశాస్త్రం చదవలేదు. బడిపంతులుగా ఒక్కటే అడుగుతాను. ఆరేళ్ళ గోండు పిల్ల మొదటి రోజు బడికి వచ్చి దాహమవుతుందని తన భాషలో అంటే, ఆ మాట అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఉండాలా, వద్దా? ఉండాలంటే ఆ మనిషి ఎక్కడినుంచి రావాలి?

6

చదువు మానిన యువకులను తిరిగి చదువుకూ పనికీ చేర్చడమంటే ఇవాళ మనకు తోచేది రెండు మూడు నెలల శిక్షణ, చివర ఒక ధ్రువపత్రం. ఆ పత్రం పట్టుకుని కుర్రవాడు పట్నం వెళ్ళాలి. కరీంనగరు జిల్లా కుర్రవాడు గల్ఫుకు వెళ్తున్నాడు, ఆదిలాబాదు కుర్రవాడు జిన్నింగు మిల్లుకు వెళ్తున్నాడు. చరిత్ర చెప్పేది వేరు. మగ్గం మీది మనిషినైనా నాగలి వెనుక మనిషినైనా చదువులోకి తెచ్చింది తన భాషలో పాఠం, తన ఊరికి పనికివచ్చే విద్య, దాని చివర నమ్మదగిన పని. మా చిన్న తాతకు ఈ మూడూ దొరికాయి. మార్లవాయి మొదటి జట్టుకు దొరికాయి. తర్వాతివాళ్ళకు వాటిని ఒక్కొక్కటిగా తీసేసి, వాళ్ళే బడి మానేశారని అంటున్నాం.

ఇందులో రచయితల పని ఏమిటి? ఉద్యోగాలు మనం సృష్టించలేం. కాని మన సాహిత్య చరిత్రను తిరగరాసుకోగలం. 1943 అనే అధ్యాయంలో తెనాలి పక్కన, హైదరాబాదు పక్కన మార్లవాయికి చోటివ్వగలం. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు అంశం దొరకలేదనే విద్యార్థులు గోండీ వాచకాల మీద, ఆ తొలి ఉపాధ్యాయుల జ్ఞాపకాల మీద పని చేయవచ్చు. ఆ తరం వెళ్ళిపోయింది, వాళ్ళ పిల్లలు ఉన్నారు. గోండీలో రాసే యువకులకు మన పత్రికల్లో పుటలు ఇవ్వగలం. ఉర్దూ పెత్తనం కింద తెలుగుకు చోటడిగిన ఉద్యమానికి వారసులమని చెప్పుకునేవాళ్ళం, మన పెత్తనం కింద ఉన్న భాషకు చోటివ్వకపోతే ఆ వారసత్వానికి అర్థం లేదు.

నా పూర్వ విద్యార్థి ఓపెన్ స్కూలు పరీక్షకు చదువుతున్నాడు. మిల్లు లేని రోజుల్లో సాయంత్రాలు మా ఇంటికి వస్తాడు. తెలుగు పాఠం నేను చెప్తాను. ఈమధ్య ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను ఒక పద్యం చెప్తే అతను నాకు గోండీలో పది మాటలు నేర్పాలి. ఇన్నేళ్ళు ఈ ప్రాంతంలో పాఠం చెప్పి, ఇప్పుడు మొదలుపెట్టాను. నా ఉచ్చారణ విని అతను నవ్వుతాడు. ఒకటో తరగతిలో అతను పడిన అవస్థ ఎలాంటిదో ఆ నవ్వు వింటుంటే నాకు కొంచెం కొంచెంగా తెలుస్తున్నది.